తలముక్కలు

నీలం గీత కదులుతోందో లేదో తేల్చుకోవడానికి ఇతను దాని కొస దగ్గర, తెర మీదనే, సుద్దతో చిన్న గాటు పెట్టాడు, కోతకు ముందు దుంగ మీద పెట్టే గుర్తులాంటిది. కంప్యూటరు తెర మీద సుద్దేమిటి బావా అని బావమరిది చూస్తే నవ్వుతాడు, నవ్వనీ, కంటికి కదలనిది కూడా సుద్ద ముందు కదిలి తీరుతుంది, అదిగో, గాటు దాటి గోరంత జరిగింది. బల్ల మీద మూత ఊడదీసిన నల్లటి పాటల పెట్టె, దాని పొట్టలోంచి తీసిన డిస్కు, డిస్కు కింద మడిచిన తువ్వాలు, చూస్తే ఆపరేషను బల్లలా ఉంది, ఆ మాట మనసులోకి రాగానే పక్కకు నెట్టేశాడు, ఈ ఇంట్లో ఆ మాట తలుచుకోకూడదు. డిస్కు టిక్కుమంటోంది. కాసేపు నున్నగా తిరుగుతుంది, ఉన్నట్టుండి టిక్కు, మళ్ళీ నున్నగా. దుంగలో ఎప్పుడో ఎవరో కొట్టి మరిచిపోయిన మేకు రంపానికి తగిలినప్పుడు ఇలాగే ఉంటుంది, మొదట చిన్న చప్పుడు, తెలిసినవాడు అక్కడే చెయ్యెత్తి ఆపేస్తాడు, తెలియనివాడు ఇంకొంచెం పోనిచ్చి రంపాన్ని రెండు ముక్కలు చేస్తాడు. ఇతనికి తెలుసు. తెలిసే పోనిస్తున్నాడు. వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది, పాటలు లేక ఎన్నాళ్ళయిందో గాని ఈ మధ్య గిన్నెలు కూడా మెల్లిగా పెడుతోంది, చప్పుడంటే భయం పట్టినట్టు.

మెయిన్ కట్టెయ్యడం ఇతని చేతికి పట్టిన అలవాటు. కోతమిల్లులో బతుకంతా గడిపినవాడికి పని అయిందంటే గోడ మీది పెద్ద మీట కిందికి లాగాలి, లాగి, తిరుగుడు పూర్తిగా ఆగిందాకా నిలబడి చూడాలి, అప్పుడే చెప్పులేసుకోవాలి. ఇంట్లో కూడా పడుకోబోయే ముందు మిక్సీ, ఫ్యాను, పాటల పెట్టె, ఏదైనా సరే, ప్లగ్గు లాగి పారెయ్యడమే. పాటల పెట్టెను అలా లాగకూడదని బావమరిది అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు, లోపల ఆపమని చెప్పి, అది ఆగాక బయట ఆపాలట, లేకపోతే రాసుకుంటున్న చెయ్యిని మధ్యలో పట్టి లాగినట్టవుతుందట. గొంతున్నంతకాలం ఆమె రోజూ గుర్తు చేసేది, ఇతను ప్లగ్గు దాకా వెళ్ళాడని అడుగుల చప్పుడుతోనే తెలిసేది ఆమెకు, వంటింట్లోంచే కేకేసేది, ముందు లోపల, తర్వాత బయట అని. గొంతు పోయాక కూడా కొన్నాళ్ళు ఆ కేక ఇతని చెవిలో దానంతటదే మోగి చెయ్యి ఆగేది. ఒకనాడు మోగలేదు. లాగేశాడు. తెల్లవారి పెట్టె వెలిగింది గాని పాటలేవీ కనబడలేదు, పేర్లన్నీ పోయి జాబితా ఖాళీ, ఏదో బాగుచేద్దామని తెలిసీ తెలియకుండా ఇతను నాలుగు చోట్ల నొక్కేసరికి ఉన్నది కూడా చెదిరింది. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనలేదు అని మనసులో అనుకుని తనను తానే తిట్టుకున్నాడు, ఎలా అంటుంది.

మిల్లులో మాట పనికిరాదు. రంపం తిరుగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు, అందుకని అక్కడ చేతులే మాటలు, అరచెయ్యి ఎత్తితే ఆపమని, పిడికిలి తిప్పితే దుంగ తిప్పమని, రెండు వేళ్ళు ముందుకు నెడితే పోనిమ్మని, అరచెయ్యి బోర్లించి అడ్డంగా తుడిస్తే చాలని, బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ అని, చిటికెనవేలు పైకి పెడితే యజమాని వస్తున్నాడని. సరేనంటే తల ఊపడమే. ఆ ఊపే తలను ఇతను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. అసలే మాట పెదవి దాటని మనిషి, మిల్లులో ఇతనికి మొద్దు అని పేరు, పెళ్ళయిన కొత్తలో ఆమె ఆ పేరు విని పొట్ట పట్టుకుని నవ్వింది, నిజమే, దుంగలు కొయ్యమని పంపిస్తే అందులోంచి ఒకటి లేచి వచ్చి నన్ను చేసుకుంది అంది. ఆమె మాటకారి. మాటే ఆమె ఉద్యోగం. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని మైకులో బస్సులు చెప్పేది, ఏ బస్సు ఎక్కడ నిలుస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లవాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో. ఊళ్ళో అందరికీ ఆ గొంతు తెలుసు, మనిషిని చూసినవాళ్ళు తక్కువ. కూరగాయల దుకాణంలో ఆమె బెండకాయల ధర అడిగితే చుట్టుపక్కలవాళ్ళు ఉలిక్కిపడి సంచులు సర్దుకునేవారు, బస్సేదో కదిలిపోతోందని. తర్వాత మిషను వచ్చింది, ఎక్కడో ఎవరో అమ్మాయి ఒక్కసారి చెప్పి పెట్టిన మాటల్ని ముక్కలు అతికించి అదే చెబుతుంది, ఆమెను టిక్కెట్ల కిటికీ దగ్గరికి మార్చారు. ఇన్నేళ్ళ గొంతును అక్కడ ఎవరూ ఎక్కడా పట్టి ఉంచలేదు. గాలిలోకి చెప్పింది, గాలికే పోయింది. ఆ రోజుల్లో అదో నష్టమని ఎవరికి తోచింది, నీళ్ళు ఉన్నచోట నీళ్ళు దాచుకుంటారా ఎవరైనా.

టిక్కు. గీత ఆగింది. సుద్ద గాటు ఎప్పుడో వెనకబడింది, గీత సగం దాటింది, పోనీ, పోనీ అని రెండు వేళ్ళూ బల్ల మీద ముందుకు నెట్టాడు తనకు తెలియకుండానే, డిస్కేదో చూసి అర్థం చేసుకుంటుందన్నట్టు. మళ్ళీ తిరిగింది.

క్యాసెట్లు ఆమెవి. రేడియోలో పాట వచ్చినప్పుడల్లా టేపురికార్డరు దగ్గర పెట్టి పట్టేది, అందులో సగం పక్క ఊళ్ళ చిన్న రేడియోల్లో పాడినవాళ్ళవి, ఒక్కసారి పాడి ఇంటికి వెళ్ళిపోయి మళ్ళీ ఎక్కడా వినబడని గొంతులు, ఏ దుకాణంలోనూ దొరకనివి. ప్రతి పాటకు ముందు ఆమె ఒక ప్రకటన చేసేది. వృత్తిధర్మం అనేది. పాటకు ఏ పేరుందో ఆమెకు అక్కర్లేదు, ఆ పాట వచ్చిన నాడు ఇంట్లో ఏం జరిగిందో అదే పేరు. ప్రయాణికులకు విజ్ఞప్తి, పాలు పొంగిపోయిన నాటి పాట ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది. ప్రయాణికులకు విజ్ఞప్తి, తమ్ముడు పరీక్ష తప్పిన నాటి పాట కొంచెం ఆలస్యముగా బయలుదేరును. అమ్మాయి సైకిలు మీంచి పడి లేచి నవ్విన నాటి పాట. ఆయన అలిగి అన్నం మానేసి అర్ధగంటకే వంటింట్లో దొరికిపోయిన నాటి పాట. ఇతను పక్కన కుర్చీలో కూర్చుని వినేవాడు. ఆమె చెయ్యెత్తి నిశ్శబ్దం అని సైగ చేసేది, మీరొక్కరే అరిచేస్తున్నారు మరి అని వెక్కిరించేది.

తర్వాత బావమరిది పాటల పెట్టె తెచ్చి పెట్టినప్పుడు, ఆ క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించే పని ఇతని మీద పడింది. ఓపికైన పని, ఇతనికి తగిన పని. ఎక్కించిన క్యాసెట్లు పాతసామాన్లవాడికి పోయాయి, ఒక్కొక్క పాటా తెర మీద దుంగలాగా పడుకుని కనబడింది, ముందు చిన్న మాట, తర్వాత పొడుగు పాట. ఆమె భుజం మీంచి తొంగిచూసి, నా గోల తీసెయ్యండి, పగలంతా వినలేక చచ్చాను నా గొంతు, మళ్ళీ ఇంట్లో కూడానా అంది. ఇతను తల ఊపాడు. మిల్లులో ఏ దుంగనైనా ముందు తల తీస్తారు, పగుళ్ళు పడిన చివరను అడుగు మేర కోసి పక్కన పారేస్తేనే లోపలి కర్ర శుభ్రంగా పలక అవుతుంది, తల తీయని దుంగను రంపం మీదికి ఎక్కించేవాణ్ణి మేస్త్రీ చెంప మీద కొడతాడు. ఇతను ఒక్కొక్క పాటకూ తల తీశాడు. ఎంత శ్రద్ధగా తీశాడో, ఆమె ఊపిరి కూడా పాటకు అంటకుండా, వెంట్రుకవాసి తేడా రాకుండా. తీసిన ముక్కల్ని మిల్లులో మూల పడేసినట్టు ఒక మూల పడేశాడు, తలముక్కలు అని పేరు పెట్టి, వాటిలో ఆమె చెప్పింది విని పాటలకు పేర్లు కొట్టుకున్నాడు. మిల్లులో ఆ ముక్కలు పొయ్యిలోకి పోతాయి. ఇక్కడ కొన్నేళ్ళకు డిస్కు నిండిపోయిందని పెట్టె గోల పెడితే, అక్కర్లేనివేవో చూసి, తలముక్కలు చెరిపేశాడు. ఆమెను అడిగే చెరిపేశాడు. చెత్తకేం అడుగుతారు అంది.

ఆ తర్వాత బొంగురు. చలికి అనుకున్నారు, మైకు దెబ్బ అనుకున్నారు, మిరియాలు నమిలింది. డాక్టరు అద్దం పెట్టి లోపలికి చూసి చాలాసేపు మాట్లాడలేదు, మాట్లాడని మనిషిని ఇంకో మాట్లాడని మనిషి ఇట్టే గుర్తుపడతాడు, ఇతనికి అప్పుడే అర్థమైంది. గొంతు తీసెయ్యాలి, మనిషి దక్కుతుంది. ఆపరేషనుకు ముందు బావమరిది ఫోను పట్టుకుని, అక్కా ఏదైనా చెప్పు రికార్డు చేస్తాను అంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, కంకర మీద రేకు ఈడ్చినట్టున్న ఆ చప్పుడుతోనే అంది, ఇది నాది కాదురా, దీన్ని దాచకు. ఎవరి పెళ్ళి వీడియోల్లో వెతికినా ఆమె పెదవులు కదలడమే గాని బ్యాండు మోతలో మాట లేదు. మెడకు ఇప్పుడు చిన్న రంధ్రం, దాని మీద పలచటి నూలుగుడ్డ, ఊపిరి అక్కడినుంచే, నవ్వితే ఆ గుడ్డ రెపరెపలాడుతుంది. ఆస్పత్రినుంచి వచ్చిన వారం ఇతను కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని మిల్లు సైగలు నేర్పాడు, ఆపు, తిప్పు, పోనీ, చాలు, టీ. బతుకంతటిలో ఆమెకు ఇతను నేర్పినవి ఆ అయిదారు మాటలే. చిటికెనవేలు ఆమెకు బాగా నచ్చింది, పక్కింటి పెద్దావిడ గేటు తీస్తుంటే పైకెత్తి చూపించేది, యజమాని వస్తోందని. కానీ మిల్లు భాషలో నొప్పికి సైగ లేదు, భయానికి లేదు, నిద్రపట్టడం లేదు అనడానికి లేదు. దుంగలకు అవసరం పడనివి. అప్పటినుంచి పాటలే ఇంట్లో మాటలయ్యాయి. తను ఎలా ఉందో పొద్దున్నే ఏ పాట పెట్టిందో దాన్నిబట్టి తెలిసేది, పాలు పొంగిన నాటి పాట పెడితే పరవాలేదు, తమ్ముడు పరీక్ష తప్పిన నాటి పాట పెడితే కాస్త దగ్గరగా వెళ్ళి కూర్చోవాలి. పెట్టె పాడయ్యాక ఆ కాస్తా పోయింది.

పొద్దున బావమరిది ఫోనులో చెప్పింది గుర్తు చేసుకున్నాడు, గుర్తు చేసుకోకుండా ఉంటే బాగుండును. ఆ డిస్కు చివరికొచ్చింది బావా అన్నాడు.

"పైపైన వెతికితే పాటలు మటుకు వస్తాయి. పేర్లుండవు, నంబర్లుంటాయి, అయినా వస్తాయి. అడుగుదాకా గీకితే ఎప్పుడో చెరిపేసినవి కూడా తేలతాయి గాని అది అంతసేపు బతకదు, మధ్యలో పోతే మొత్తం పోయినట్టే. రెండుసార్లు తిప్పే ఓపిక దానికి లేదు, ఒక్కటే కోత. చెత్త కోసం చూస్తే సరుకు పోతుంది. పైపైనే పెట్టు."

ఇతను ఫోను చెవికి నొక్కుకున్నాడు. చెరిపేసినవి కూడా అన్న దగ్గరే ఆగిపోయాడు.

"బావా, ఉన్నావా? తల ఊపుతున్నావా ఏంటి? ఫోన్లో కనబడదు."

ఉన్నానన్నాడు. పెట్టేశాక చాలాసేపు తెర ముందు కూర్చున్నాడు, రెండు గడులు, ఒకటి పైపైన, ఒకటి అడుగుదాకా. ఆమెను అడగాలి. పాటలు ఆమెవి, గొంతు ఆమెది, మధ్యలో ఇతనెవరు. అడగాలంటే చెప్పాలి, చెప్పాలంటే పెద్ద మాటలు కావాలి, నీ పాటలన్నీ పణం పెట్టి నీ గొంతు కోసం వెతకనా అని, అంత పొడుగు మాట ఇతను ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. అడుగుదాకా అన్నదాన్ని నొక్కాడు. నొక్కిన కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చి, చెయ్యి తుడుచుకుంటూ, కనుబొమ్మలు ఎగరేసింది, వస్తున్నాయా అని. ఇతను తల ఊపాడు. నోటితో అబద్ధం చెప్పాలంటే ఎంత కష్టపడేవాడో, తలకు ఏ కష్టమూ లేదు. ఆమె మొహం విప్పారింది, బొటనవేలు పెదవికి ఆనించి టీ పెడతానని వెళ్ళింది. ఆ విప్పారిన మొహం ఇప్పుడు గీత పొడుగునా ఇతని కళ్ళముందే ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. అవేం దొరుకుతాయి, వాటి మీద ఎన్ని పాటలు పడి ఉంటాయో, పొయ్యిలోకి పోయిన కర్రముక్క మళ్ళీ కర్రయి వస్తుందా. తన కోసమే చేశాడు. ఆమె అడగలేదు, తన గొంతు మళ్ళీ వినాలని ఆమె ఎన్నడూ ఏ సైగా చెయ్యలేదు. వినాలన్నది ఇతనికే. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని, ఊరంతా ఉలిక్కిపడి విన్న గొంతును తను ఒక్కడే వినీవిననట్టు వింటూ, రేపు కూడా ఉంటుందిలే అని.

టిక్కు, టిక్కు, టిక్కు. వరసగా. తర్వాత గుండెల్లోంచి దిగినట్టు సన్నగా దిగిపోతున్న చప్పుడు, మీట లాగాక రంపం చక్రం తిరిగి తిరిగి అలిసి నిలబడిపోయే చప్పుడు. బతుకంతా సాయంత్రాలు నిలబడి విన్నదే. గీత మూడొంతుల దగ్గర ఆగిపోయింది. డిస్కు మీద చెయ్యి వేశాడు, వెచ్చగా ఉంది, కదలిక లేదు. తీగ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. లేదు. తెర మీద, దొరికినవి కొత్త డిస్కులో ఉన్నాయని ఒక మాట. తెరిచాడు. పేర్లు లేవు, నంబర్లు. పొడుగువి గుప్పెడు, అందులో తెరుచుకున్నవి అంతకంటే తక్కువ, ఒకటి సగం పాడి గరగరమని ఆగింది, ఒకటి పాటే కాదు, మరోదాని కింద ఇంకొకటి ఇరుక్కున్న చప్పుడు. మిగిలినవన్నీ చిన్నవి. చాలా చిన్నవి, వరసలు వరసలుగా, మిల్లు వెనక మూలన పోగుపడ్డ ముక్కల్లా. ఒక్కదాని మీద వేలు పెట్టాడు. వెంటనే నొక్కలేకపోయాడు. వంటింట్లో మళ్ళీ టీ గిన్నె దించిన చప్పుడైంది. నొక్కాడు.

ముందు టేపు గాలి. తర్వాత, ప్రయాణికులకు విజ్ఞప్తి. పాలు పొంగిపోయిన నాటి పాట ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది.

అంతే. పాట రావలసిన చోట ఏమీ లేదు. గదిలోని స్పీకరు ఒక్కటే కాదు, పాటల పెట్టె స్పీకర్లు, ఇప్పుడు కంప్యూటరుకు తగిలించినవి, అన్ని గదుల్లోనూ ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది, ఆ గొంతు వంటింట్లో కూడా పలికి ఉంటుంది. వంటింట్లో గ్లాసు చప్పుడు ఆగింది. ఇతను చెయ్యి వెనక్కు తీసుకోలేదు, తీసుకోవాలని తెలియలేదు, ఒకదాని వెనక ఒకటి అవే వస్తున్నాయి, తమ్ముడు పరీక్ష తప్పిన నాటి పాట కొంచెం ఆలస్యముగా, కొంచెం నిశ్శబ్దం, అమ్మాయి సైకిలు మీంచి పడి లేచి, కొంచెం నిశ్శబ్దం. పేర్లన్నీ వస్తున్నాయి, పేర్ల వెనక ఎవరూ లేరు. బస్సులు లేని బస్టాండులో ఎవరో బస్సులు పిలుస్తున్నట్టుంది. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. ఆమె మొహంలోకి చూడటానికి ఇతనికి ధైర్యం చాలలేదు, పాదాలకేసి చూశాడు, చెప్పుల్లేని పాదాలు, ఒకదాని మీద ఒలికిన టీ, తుడుచుకోలేదు. తలెత్తితే ఆమె పెదవులు కదులుతున్నాయి. గొంతు అనబోయే ప్రతి మాటా ఒక్క క్షణం ముందుగా ఆమె పెదవులు అంటున్నాయి. ఒక్కటీ మరిచిపోలేదు. ప్రకటన అయిపోగానే పెదవులు ఆగి, పాట మొదలు కోసం కాచుకుని, అది రాక, మళ్ళీ.

చెప్పాలి. తల ఊపితే చాలే విషయం కాదిది.

"పాటలు పోయాయి," అన్నాడు. "నేనే పోగొట్టాను. వాడు చెబుతూనే ఉన్నాడు. నీ మాట కోసం పోగొట్టాను."

ఆమె అరచెయ్యి ఎత్తింది. ఆపు అని. ఇతన్నా, కంప్యూటరునా. ఇతను కంప్యూటరు వైపు చెయ్యి చాచబోయాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, ఇతన్నే. మాట్లాడకు, వినబడనివ్వు. తర్వాతది మొదలైంది. దీంట్లో విజ్ఞప్తి లేదు. టేపు గాలి చాలాసేపు, ఏదో మీట నొక్కిన టక్కు, మళ్ళీ గాలి. ఇది మొట్టమొదటిది, టేపురికార్డరు కొత్తగా ఇంటికి తెచ్చిన నాటిది, పాట లేనే లేదు దీనికి, తలే మొత్తం దుంగ.

"ఏమండీ. అవుతోందా? ఎర్ర లైటు వెలుగుతోందా?"

గాలి.

"తల ఊపితే టేపులో పడదండీ. నోరు తెరిచి చెప్పండి. మీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? అవుతోందా లేదా?"

గాలి. గాలిలో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. అది తనే. ఇన్ని క్యాసెట్లలో, ఇంత కాపురంలో, తనది అని చెప్పుకోవడానికి పడినది ఆ కిర్రు ఒక్కటే. ఆ రోజు తల ఊపాడు, బాగా గుర్తుంది, రెండుసార్లు ఊపాడు, ఆమె నవ్వి ఊరుకుంది. గుమ్మంలో ఉన్న మనిషి ఇప్పుడు ఇతనికేసే చూస్తోంది, టేపులో గాలి ఇంకా తిరుగుతోంది, ఆ గొంతు ఇంకా జవాబు కోసం ఆగి ఉంది.

"అవుతోంది," అన్నాడు.

ఆమె తల ఊపింది. మెడ మీది గుడ్డ ఒక్కసారి లోపలికి అతుక్కుని, విడిచింది.